సగం సాక్ష్యం

ఆ శనివారం పొద్దున ప్రేమదాసు ఇంట్లో పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది.

అదేమంత పెద్ద సంగతి కాదు, ఏ ఇంట్లోనైనా జరిగేదే. మిర్చి యార్డుకి సెలవు కాబట్టి ప్రేమదాసు తీరిగ్గా అరుగు మీద కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పెట్టుకుని నమలడం ఆపేశాడు. అతని ముఖం చూసి భార్య పున్నమ్మ గిన్నెలోంచి కాస్త పప్పు అరచేతిలో వేసుకుని నాకి చూసింది.

"ఆరాధనా, ఉప్పెన్నిసార్లు వేశావే?"

వెలుగు కళ్ళల్లో పడకుండా గుమ్మానికి వీపు పెట్టి కూర్చున్న కూతురు తల తిప్పకుండానే, "ఒకసారేనమ్మా" అంది.

"ఒకసారి నా కళ్ళ ముందే వేశావు. నేను బిందె దించొచ్చేసరికి మళ్ళీ వేశావా?"

"వేశానా? అసలు వేయలేదనుకున్నా."

"ఎల్లుండి ప్రయాణం గదా, పిల్ల మనసంతా ఆడే ఉంది. వదిలెయ్" అన్నాడు ప్రేమదాసు. అని, ఆ పప్పే కలుపుకుని కంచం ఖాళీ చేశాడు. పులుసులో చిటికెడు ఉప్పు తగ్గితే కంచం పక్కకి నెట్టే మనిషి తల ఎత్తకుండా తింటుంటే పున్నమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆమె తననే చూస్తోందని అతనికి తెలుసు. ఆ రుచి తొమ్మిదేళ్ళ కిందటి ఒక మాటని లాక్కొస్తోందని మాత్రం ఆమెకు తెలియదు. ఆ మాట అతను ఇంతవరకూ ఏ మనిషికీ చెప్పలేదు.

ప్రేమదాసుది ప్రత్తిపాడు. గుంటూరు మిర్చి యార్డులో ఇరవై ఏడేళ్ళుగా హమాలీ. తెల్లవారకముందే మొదటి బస్సెక్కి వెళ్ళి, నలభై కిలోల పైచిలుకు తూగే మిర్చి బస్తాలు రోజంతా మోసి, ఒళ్ళంతా కారం ఘాటుతో సాయంత్రం ఇల్లు చేరతాడు. ఒక్కతే కూతురు. గుంటూరులోనే డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది.

ఏడాది కిందటిదాకా ఈ ఇంట్లో రగ్బీ అన్న మాట ఎవరూ విన్నది కాదు. పిల్ల వారానికి మూడు రోజులు ఆలస్యంగా వస్తోంది, మోకాళ్ళు గీరుకుని వస్తోంది అని పున్నమ్మ గోల పెడితే, అదేంటో తేల్చుకుందామని ప్రేమదాసు ఒకరోజు యార్డు నుంచి నేరుగా కాలేజీ గ్రౌండుకి వెళ్ళాడు. చెవి పట్టుకుని ఇంటికి లాక్కొద్దామనే వెళ్ళాడు. వెళ్ళేసరికి ఆరాధన కంటే జానెడు ఎత్తున్న పిల్లొకతి కోడిగుడ్డు లాంటి బంతిని చంకలో ఇరికించుకుని ఎద్దులా దూసుకొస్తోంది. ఆరాధన తప్పుకోకుండా ఎదురెళ్తోంది. అయిపోయింది, నలిగిపోతుంది అనుకున్నాడతను. ఆరాధన నడుం వంచి, వచ్చే పిల్ల తొడలకి భుజం ఆనించి, రెండు చేతులా కట్టేసి కింద పడేసింది.

భుజం ఎక్కడ పెట్టాలి, ఊపిరి ఎప్పుడు బిగించాలి, బరువుని నడుముకి ఎప్పుడు అప్పగించాలి అన్నది హమాలీకి వంటబట్టడానికి మూడేళ్ళు పడుతుంది. తన పిల్లకి అది ఎవరూ చెప్పకుండానే వచ్చేసింది. ప్రేమదాసు చెవి సంగతి మర్చిపోయి ఆట ముగిసేదాకా గోడ పక్కన నిలబడ్డాడు.

ఆ తర్వాత కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు తయారయ్యాడు. టీ తాగే పది నిమిషాల్లోనూ ఫోనులో రగ్బీ. ఎవరో తెలియని దేశాలవాళ్ళు ఆడుతుంటే ఒకళ్ళని మనవాళ్ళు అనుకోవడం, వాళ్ళు ఓడితే మధ్యాహ్నం అన్నం సయించకపోవడం. తోటి హమాలీ మాలిక్ పక్కన చేరి సందేహాలు అడిగేవాడు.

"ఏందన్నా ఈ ఆట, మనుషులు ముందుకి పోతారు, బంతి ఎనక్కిస్తారు?"

"అదేరా కిటుకు. చేత్తో ముందుకి విసిరితే తప్పు. ఎనకున్నోడికే ఇవ్వాలి. ముందుకి మాత్రం ఎవుడిది వాడు మోసుకుపోవాల్సిందే. అవతల గీత దాటి బంతి నేలకి ఆనిస్తేనే పాయింట్లు. మన బస్తా లాంటిదే, దించితేనే పని అయినట్టు."

"మరి దెబ్బలు?"

"దెబ్బలకేం, మనకి లేవా? తలకి తగిలితే మాత్రం ఎంత మొనగాడైనా బయటికి పోవాల్సిందే. డాక్టరొచ్చి నువ్వెవరు, ఇది ఏ ఊరు అని అడిగి చూస్తాడు. తల విషయంలో పట్టింపు జాస్తి వాళ్ళకి."

ఆ నియమాన్ని అతను గొప్పగానే చెప్పేవాడు, తనే రాసినట్టు. నాలుగు నెలల్లో మాలిక్ కూడా ఆ ఆట మనిషైపోయాడు. ఆరాధన ఆడుతుందంటే ఎనిమిది మంది హమాలీలు ట్రాలీ ఆటో ఎక్కి వెళ్ళి, బస్తా ఎత్తేటప్పుడు వేసే కేకలే గీత పక్కన నిలబడి వేసేవాళ్ళు. కూతురి ఆట కోసం ప్రేమదాసు మోకాళ్ళు అరిగేలా ప్రార్థన చేశాడు. రాష్ట్ర జట్టులోకి ఎంపికైతే ప్రభువు గుడిలో అందరి ముందూ నిలబడి ఆ మేలుకి సాక్ష్యం చెబుతానని మొక్కుకున్నాడు కూడా.

ఎంపిక ఆట గురువారం జరిగింది. ఇంకో మూడు నిమిషాల ఆట ఉందనగా కింద పడ్డ పిల్లల గుంపులో ఎవరిదో మోకాలు ఆరాధన కణతకి తగిలింది. అందరూ లేచారు, ఆరాధన లేవలేదు. మట్టిలో ఒక చెయ్యి చాపుకుని పక్కకి పడి ఉంది. కోచ్ శరణ్య మేడం అటు చివర చీలమండ మడతపడ్డ పిల్ల దగ్గర ఉంది, చూడలేదు. రిఫరీ బంతి వెంట పరిగెత్తుతున్నాడు. చూసింది ప్రేమదాసే.

"లే అమ్మా" అని అరిచాడు. "లే, లే, లే."

ఆరాధన లేచింది. ఒకసారి తూలి, అటు ఇటు చూసి, మళ్ళీ ఆటలో పడింది. ఆఖరి నిమిషంలో బంతి తనకే వచ్చింది. గీత దాటి నేలకి ఆనించింది. హమాలీలు తువ్వాళ్ళు ఎగరేశారు. ప్రేమదాసు ఏడ్చాడు, సంతోషంతోనే.

సోమవారం జాతీయ పోటీలకి రైలెక్కే జట్టు పేర్లు చదివాక శరణ్య మేడం దగ్గరికొచ్చింది. "మధ్యలో పడ్డావటగా, ఎవరో అన్నారు. తలకేమన్నా తగిలిందా?"

"లేదు మేడం, కాలు జారింది" అంది ఆరాధన.

మేడం తండ్రివైపు తిరిగింది. "మీరు చూశారా అండీ? రెండు రోజులు కనిపెట్టి ఉండండి. వాంతులు గాని, మరుపు గాని, వెలుగు చూడలేకపోవడం గాని ఉంటే వెంటనే నాకు ఫోన్ చేయాలి. అలాంటి పిల్లని నేను తీసుకెళ్ళను."

"అట్టాగేనండి" అన్నాడు ప్రేమదాసు.

ఆ మాట అన్నవాడే శనివారం మధ్యాహ్నం దొడ్లో గోడ పట్టుకుని వాంతి చేసుకుంటున్న కూతురి వీపు నిమురుతూ నిలబడ్డాడు.

"నాన్నా, మేడంకి చెప్పొద్దు" అంది ఆరాధన ఆయాసపడుతూ. "చెబితే నా బదులు ఇంకొకళ్ళని ఎక్కిస్తారు. మంగళవారానికి తగ్గిపోద్ది. ఒట్టు నాన్నా, చెప్పొద్దు."

"చెప్పనులే తల్లీ."

అన్నాక అతనికి తట్టింది. ఈ మాటలు ఇంతకుముందు ఒకసారి అయ్యాయి. అప్పుడు చెప్పొద్దన్నది తనే.

తొమ్మిదేళ్ళ కిందట, వేసవిలో. తమ్ముడు జయపాల్ కూడా అదే ముఠాలో హమాలీ. పన్నెండు వరసల బస్తాల పైనుంచి జారి సిమెంటు గచ్చు మీద పడ్డాడు. తల తగిలిన చప్పుడు ప్రేమదాసు విన్నాడు. జయపాల్ క్షణం సేపు పడుకుని లేచాడు, నవ్వాడు కూడా. "మేస్త్రికి చెప్పకురా" అన్నాడు ప్రేమదాసు. "దెబ్బ తగిలిందంటే రేపట్నుంచి పనిలోకి పిలవడు. లేచావుగా, ఏం కాలేదులే." యార్డులో అందరి పద్ధతీ అంతే. దెబ్బని తలగుడ్డ కింద కట్టేసుకుని మోసేవాడే మొనగాడు. జయపాల్ సాయంత్రం దాకా మోశాడు. ఇంటికొచ్చే బస్సులో అన్న భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. ప్రత్తిపాడులో దిగుదామని లేపితే లేవలేదు.

ఎండదెబ్బ అన్నారు. ఆ వారం ఎండలు అలాగే ఉన్నాయి, నలుగురు పోయారు, ఎవరికీ అనుమానం రాలేదు. ప్రేమదాసు కాదనలేదు. జయపాల్ భార్య జెస్సీకి అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. పిల్లల్లేరు. పుట్టింటికి పోకుండా పక్క గదిలోనే ఉండిపోయింది. మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది, ఆదివారాలు గుడిలో పాటలు అందుకుంటుంది, ఆరాధనని కన్నకూతురిలా చూసుకుంటుంది. బావగారూ అని ప్రేమదాసుని ఎంత గౌరవంగా పిలుస్తుందంటే, ఆ పిలుపు విన్నప్పుడల్లా అతనికి మెడ మీద బస్తా పడ్డట్టుంటుంది.

సాయంత్రం పున్నమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చి మంచం ముందు నిలబడింది.

"ఫోన్ ఇటియ్యి. ఆ మేడంకి నేను చెప్తా."

"ఏం చెప్తావు?"

"పిల్ల రెండుసార్లు కక్కింది. లైటేస్తే ఏడుస్తంది. మజ్జిగ పోసుకుంటా గ్లాసు నిండిందని చూసుకోవట్లేదు. ఇవన్నీ చెప్తా."

"నీకా ఆట తెలవదు. చిన్నాచితకా అవుతుంటాయి."

"నాకు ఆట తెలవదయ్యా. నీకు తెలుసుగా. సంవత్సరం నుంచీ అదే గోలగా. తలకి తగిలితే పంపించేస్తారని నువ్వే గదా మాలిక్‌కి చెప్తంటే విన్నా." ఆమె ఇంకో అడుగు ముందుకేసింది. "అసలు నువ్వు దాని తండ్రివా, ఆట చూడ్డానికొచ్చినోడివా?"

ప్రేమదాసు ఫోను జేబులోకి తోసుకున్నాడు. "ఏడాది పాటు కష్టపడింది. నా నోటితో నేను తీసేయించనా?"

"జయపాల్ పోయినట్టు కళ్ళ ముందరే పోతే అప్పుడేం చేస్తావు?"

"వాడిది ఎండదెబ్బ" అన్నాడు ప్రేమదాసు. మరీ తొందరగా అన్నాడు.

"ఏ దెబ్బైతే ఏందయ్యా. పోయింది మనిషేగా."

దొంగకి తేలు కుట్టినట్టయింది అతనికి. నొప్పి అని అరవడానికీ లేదు, ఊరుకోవడానికీ లేదు. "రేపు గుళ్ళో ప్రార్థనయ్యాక చూద్దాం" అని లేచి బయటికి వెళ్ళాడు. పక్క గదిలో జెస్సీ రేపటి పాట కూనిరాగం తీస్తోంది. ఆరాధన రెండో చరణం ఎత్తుకోవాలి. "పిన్నీ, నాకు ఇవాళ వద్దు, రేపు నేరుగా పాడేస్తా" అని పిల్ల గోడ ఇవతల నుంచి చెప్పడం వినపడింది. గొంతులో మత్తు ఉంది.

ఆదివారం గుడి నిండిపోయింది. మన ఊరి పిల్ల రాష్ట్రానికి ఆడబోతోందని అందరికీ తెలుసు. ఒకవైపు మగవాళ్ళు, ఒకవైపు ఆడవాళ్ళు చాపల మీద సర్దుకున్నారు. యార్డు మీద నుంచి వచ్చే గాలి కాదది, పక్క కళ్ళంలో ఆరబోసిన మిరపకాయలది, అయినా ప్రేమదాసుకి గొంతు మండింది. జెస్సీ మైకు ముందు నిలబడి పాట అందుకుంది. మొదటి చరణం అయింది. రెండో చరణానికి ఆరాధన నోరు తెరిచింది.

రెండు మాటలు వచ్చాయి. తర్వాత ఏం రాలేదు. తబలా వాయించే కుర్రాడు దరువు తిప్పి మళ్ళీ చోటిచ్చాడు. ఆరాధన జెస్సీ ముఖంలోకి చూసింది. ఆరేళ్ళ వయసు నుంచి పాడుతున్న పాట అది. మరిచిపోయినదాన్ని గుర్తు చేసుకుంటున్న చూపు కాదు, ఈమె ఎవరా అని చూసే చూపు. జెస్సీ నవ్వుతూ తనే అందుకుని చరణం పూర్తి చేసింది. జనం పిల్లకి బిడియం అనుకున్నారు.

ప్రేమదాసుకి మాత్రం బస్సు గుర్తొచ్చింది. ఆ బస్సు కిటికీ, భుజం మీద బరువు.

పాస్టర్ ప్రసన్నకుమార్ గారు మైకు తీసుకున్నారు. "మన సంఘానికి ఇది సంతోషకరమైన రోజు. సహోదరుడు ప్రేమదాసు ఒక మొక్కుబడి చేసుకున్నాడు. ఆయన సాక్ష్యం చెప్పాక, బిడ్డని ముందుకి పిలిచి పంపే ప్రార్థన చేసుకుందాం."

అతను లేచాడు. నాలుగు అడుగులే, అయినా నలభై బస్తాలు మోసినంత ఆయాసం. ఈ గుడిలో గంట కొట్టిన తండ్రి చిన్నప్పుడు ఒక మాట అనేవాడు. సాక్ష్యం చెబితే మొత్తం చెప్పరా, సగం సాక్ష్యం అబద్ధం కన్నా పాపం, అని. తొమ్మిదేళ్ళుగా ప్రేమదాసు ఈ మైకు పట్టుకోలేదు. ఎందుకు పట్టుకోవని అడిగితే నాకు మాటలు రావనేవాడు.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలు" అన్నాడు. "నా బిడ్డ జట్టులోకి వచ్చింది. దేవుడి దయ. రావాలని ప్రార్థన చేశా. వచ్చింది."

ఆమెన్ అన్నారు జనం. ఇక్కడ ఆపేసి కూర్చోవచ్చు. అందరూ చప్పట్లు కొడతారు, పిల్ల రేపు రైలెక్కుతుంది. ఆరాధన చాప మీద కూర్చుని అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని ఉంది. తండ్రినే చూస్తోంది. ఆ కళ్ళలో బతిమాలడం ఉంది.

"గురువారం నా బిడ్డకి తలకి దెబ్బ తగిలింది" అన్నాడు ప్రేమదాసు. "నేను చూశా. చూసి కూడా లే లే అని అరిచా. లేచి ఆడింది, గెలిచింది. అప్పట్నుంచీ వాంతులు, మరుపు. వాళ్ళ మేడం అడిగితే చూశానని చెప్పలేదు. ఇప్పుడు పాట మర్చిపోయింది మీ ముందే."

ఆరాధన లేచి నిలబడింది. "నాన్నా, వద్దు" అంది.

"ఇది మొదటిసారి కాదు." అతను ఇప్పుడు కూతురిని చూడటం లేదు, పాటల పుస్తకం పట్టుకుని నిలబడ్డ జెస్సీని చూస్తున్నాడు. "జెస్సీ, నా తమ్ముడికి ఎండదెబ్బ తగల్లేదమ్మా. బస్తాల మీంచి పడ్డాడు. తల గచ్చుకి కొట్టుకుంది. ఆసుపత్రికి పోయుంటే బతికేవాడేమో. మేస్త్రికి చెప్పొద్దని, పన్లోకి పొమ్మని చెప్పింది నేనే. నీకు తొమ్మిదేళ్ళు అబద్ధం చెప్పా. నా నోరు మూతపడబట్టి తమ్ముడు పోయాడు. ఈసారి బిడ్డ." మైకు పట్టుకున్న చెయ్యి కిందికి వాలిపోయింది.

జెస్సీ పుస్తకం మూసి, స్టూలు మీద జాగ్రత్తగా పెట్టింది. ఆమె నడిచి వస్తుంటే కొడుతుందేమో అనుకున్నాడు ప్రేమదాసు. కొడితే బాగుండుననీ అనుకున్నాడు. ఆమె అతన్ని దాటి పోయి, ఆరాధన ముందు వంగి, రెండు చేతులతో పిల్ల ముఖం పట్టుకుని కళ్ళలోకి చూసింది.

"నేనెవరే?"

"పిన్నివి" అంది ఆరాధన ఏడుస్తూ. "నాకేం కాలేదు పిన్నీ. నన్ను పంపించమని చెప్పు."

జెస్సీ తలెత్తకుండానే అంది. "బావగారూ, ఆటో పిలవండి. ముందు పిల్ల సంగతి చూద్దాం. మీ సంగతి తర్వాత."

గుంటూరు పెద్దాసుపత్రికి ఇరవై కిలోమీటర్లు. ఆటోలో పున్నమ్మకీ జెస్సీకీ నడుమ ఆరాధన కళ్ళు మూసుకుని కూర్చుంది. డ్రైవరు పక్కన కూర్చున్న ప్రేమదాసు ప్రతి నిమిషానికీ వెనక్కి తిరిగి, "నిద్రపోనివ్వకండి" అంటున్నాడు. నిద్ర అంటే ఏమిటో ఆ ఆటోలో అతనికే తెలుసు. ఇప్పుడు జెస్సీకి కూడా తెలుసు.

స్కానింగు తీశారు. రెండు గంటలు బెంచీ మీద. డాక్టరు పిలిచి, లోపల రక్తం లేదు, మెదడు గట్టిగా అదిరింది, నెల రోజులు ఆట మాటే ఎత్తొద్దు, ఫోను, టీవీ కూడా వద్దు అన్నాడు. "ఇదే తల మీద ఈ వారంలో ఇంకో దెబ్బ పడి ఉంటే" అని ఆగి, ముగ్గురి ముఖాలూ చూసి, ఆ వాక్యం పూర్తి చేయలేదు. పున్నమ్మ అక్కడే గోడకి ఆనుకుని కూలబడి ఏడ్చింది.

శరణ్య మేడంకి ప్రేమదాసే ఫోన్ చేశాడు. ఆమె తిట్టాల్సినంతా తిట్టింది. చివర్లో మాత్రం, "ఆ పిల్ల వచ్చే ఏడు ఆడుతుందండి. ఈ ఏడు బతికి ఉంటేనే కదా వచ్చే ఏడు" అని పెట్టేసింది.

సోమవారం రైలు ఆరాధన లేకుండానే వెళ్ళింది. ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో లెక్క తేలలేదు. ఆరాధన తండ్రితో మాట్లాడలేదు. "మాటిచ్చి, ఊరందరి ముందూ చెప్పేశాడు" అని తల్లితో అంది, అతనికి వినపడేలా. జెస్సీ అయితే అతను అరుగు మీద ఉంటే గుమ్మం దాటి బయటికే రాలేదు. కూర వండితే గోడ మీంచి గిన్నె అందించే అలవాటు తొమ్మిదేళ్ళలో తప్పింది లేదు. ఆ వారం తప్పింది. ఆమె పెట్టె సర్దుకుని పుట్టింటికి పోతుందేమోనని ప్రేమదాసు రోజూ బస్సు దిగగానే ముందు ఆ గది తలుపు వైపు చూసేవాడు. యార్డులో మాలిక్ ఈ సంగతంతా విని, "మనం కూడా మేస్త్రికి చెప్పడం నేర్చుకోవాలన్నా" అన్నాడు. ప్రేమదాసు ఆ వారమంతా ఫోనులో ఆట పెట్టలేదు.

శనివారం మధ్యాహ్నం అతను అరుగు మీద తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. లోపల కిటికీలు మూసిన గదిలో ఆరాధన మంచం మీద ఉంది.

"నాన్నా" అని వినపడింది.

వారం తర్వాత ఆ పిలుపు. అతను లేచి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇవాళ మనోళ్ళ సెమీఫైనల్. ఫోనులో లైవ్ వస్తంది. నేను చూడకూడదు గదా. నువ్వు చూసి చెప్పు."

ప్రేమదాసు మంచం పక్కన నేల మీద కూర్చుని ఫోను తెరిచాడు. బొమ్మ పెట్టడానికి రెండు నిమిషాలు పట్టింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. బంతి ఎవరి దగ్గరుంది, ఎవరు కట్టేశారు, ఎవరు భుజం ఎత్తుగా పెట్టి తప్పు చేశారు, అంతా. కాసేపటికి గీత పక్కన నిలబడ్డప్పటి గొంతే వచ్చేసింది. ఆరాధన కళ్ళు మూసుకుని వింటోంది. "అటు ఎందుకు పోయింది, కుడిపక్క ఖాళీ ఉంటది గదా" అని మధ్యలో విసుక్కుంటోంది.

ఉన్నట్టుండి అతను ఆగిపోయాడు.

"ఏమైంది నాన్నా?"

"పడిపోయింది. మన పిల్లే. నీ చోట్లో ఆడే పిల్ల. తల పట్టుకుంది."

"లేచిందా?"

"లేవబోతంది." ప్రేమదాసు ఫోనుని ముఖం దగ్గరికి తీసుకున్నాడు. "వద్దు తల్లీ, లేవొద్దు. పడుకో. పడుకునే ఉండమ్మా, వస్తారు."

ఆరాధన చెయ్యి చీకట్లో తడుముకుంటూ వచ్చి తండ్రి భుజం మీద ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది. అతని ఒళ్ళు ఎందుకు అదురుతోందో ఆ చేతికి తెలిసింది.

గుమ్మంలో వెలుగు తగ్గింది. జెస్సీ నిలబడి ఉంది, చేతిలో కూర గిన్నె. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. గిన్నె పున్నమ్మకి అందించి లోపలికొచ్చి, ప్రేమదాసుకి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఒకటి అడుగుతా, నిజం చెప్పండి" అంది. "ఆ రోజు పొద్దున మేమిద్దరం పోట్లాడుకున్నాం. కోపంగా పోయాడు. పోయేటప్పుడు నా వైపు చూడను కూడా లేదు. బస్సులో ఏమన్నా అన్నాడా?"

ప్రేమదాసు ఫోను పక్కన పెట్టాడు.

"క్యారేజీ గురించి అన్నాడు. ఇవాళ జెస్సీ కోపంలో కూరలో ఉప్పు రెండుసార్లు వేసిందన్నా, అన్నాడు. నవ్వుతానే అన్నాడు. పారేశావా అని అడిగా. ఎందుకు పారేస్తా, మొత్తం తిన్నా, అన్నాడు. ఉప్పెక్కువైందని ఇంటికెళ్ళాక దాంతో అనమాకు, బాధపడుద్ది, అన్నాడు. తర్వాత నిద్దరొస్తందని నా భుజం మీద తల పెట్టాడు. అంతే."

జెస్సీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పున్నమ్మ వచ్చి ఆమె పక్కన కూర్చుంది. కిందటి శనివారం పొద్దున ఆ పప్పు ఎందుకలా తిన్నాడో ఆమెకిప్పుడు అర్థమైంది.

"కోపంతోనే పోయాడనుకున్నా" అంది జెస్సీ. "తొమ్మిదేళ్ళూ అదే అనుకున్నా. ఈ ఒక్క ముక్క చెప్పకుండా ఎట్టా దాచుకున్నావు బావా?"

'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. 'గారు' కూడా పోయింది.

"అది చెబితే మిగతాదంతా చెప్పాల్సొచ్చుద్దని" అన్నాడు ప్రేమదాసు. తల వంచుకుని, పసిపిల్లాడిలా ఏడ్చాడు.

జెస్సీ అతన్ని ఓదార్చలేదు. అంత తేలిగ్గా పోయేది కాదది, పోవాల్సింది కూడా కాదేమో. కానీ లేచి వెళ్ళిపోలేదు. పున్నమ్మ భుజానికి ఆనుకుని తనూ ఏడ్చినంతసేపు ఏడ్చింది. నేల మీద ఫోనులో ఈల మోగింది, జనం కేకలు వేస్తున్నారు.

"నాన్నా, ఆ పిల్లని బయటికి తీసుకెళ్ళారా?" అంది ఆరాధన, కళ్ళు తెరవకుండానే.

ప్రేమదాసుకి కన్నీళ్ళలో బొమ్మ కనపడలేదు. జెస్సీ ఫోను తన చేతిలోకి తీసుకుని, చెంగుతో కళ్ళు తుడుచుకుని చూసింది.

"ఎవరో ఇద్దరు చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నారే. పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. నీళ్ళు తాగుతోంది." ఫోనుని ఇంకొంచెం దగ్గరికి తీసుకుంది. "బావా, ఇందులో ఏ రంగు చొక్కాలోళ్ళు మనోళ్ళు?"